షాగ్స్ వాయించడం నేర్చుకున్నాక ఎవరూ వినలేదు

ఒకే రికార్డుని ఒకరు బీటిల్స్ కన్నా గొప్పదంటారు, ఇంకొకరు ఇంతకన్నా చెత్త రికార్డు భూమ్మీద లేదంటారు, తమాషా ఏంటంటే చాలాసార్లు ఈ రెండూ అనేది ఒకే మనిషి, అదీ ఒకే పేరాలో. ది షాగ్స్ అనే బ్యాండ్ గురించి మీరెప్పుడైనా ఎక్కడైనా చదివుంటే ఇలాంటివే చదివుంటారు. చదవకపోతే మరీ మంచిది, ముందు పాటలు వినేసి తర్వాత రండి, నేనెక్కడికీ పోను.

వినొచ్చారా? సరే, తిట్టుకోవడం అయిపోయాక మొదలుపెడదాం.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అని ఒక చిన్న రాష్ట్రం, అందులో ఆగ్నేయం మూల ఫ్రీమాంట్ అని ఇంకా చిన్న ఊరు. నేనుండే నాషువా నుంచి ముప్పావు గంట డ్రైవ్ అంతే, నాషువాలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ ఈ ఫ్రీమాంట్ పేరు ఎత్తితే ఒక్కరికీ తెలీదు, తెలియాల్సిన అవసరం కూడా లేదనుకోండి, రోడ్డు, చెట్లు, మళ్ళీ చెట్లు. ఆ ఊళ్ళో విగ్గిన్ అనే ఇంటి అమ్మాయిలు డాట్, బెట్టీ, హెలెన్ కలిసి షాగ్స్ అన్న పేరుతో 1969లో ‘ఫిలాసఫీ ఆఫ్ ది వరల్డ్’ అని ఒక రికార్డు చేశారు. డాట్ లీడ్ గిటారు, పాటలు రాసేదీ ఆవిడే, బెట్టీ రిథమ్ గిటారు, హెలెన్ డ్రమ్స్. ఇంకో చెల్లి రేచల్ అప్పుడప్పుడు బేస్ వాయించేది. వాయించేది అంటే... అదే కదా అసలు గొడవ.

వీళ్ళ కథ ఇప్పటికే వెయ్యిమంది చెప్పారు కాబట్టి గబగబా చెప్పేస్తా, నాకు కావాల్సింది కథ కాదు, ఈ యాభై ఏళ్ళలో వీళ్ళ గురించి రాసినవాళ్ళు ఏం రాశారు, ఎందుకు అలా రాశారు అన్నది. కానీ కథ తెలీకపోతే అది అర్థం కాదు. వాళ్ళ నాన్న ఆస్టిన్ విగ్గిన్, పక్కనే ఎక్సెటర్‌లో మిల్లులో పనిచేసేవాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆయన చెయ్యి చూసి మూడు జోస్యాలు చెప్పిందట. ఎర్రజుట్టు పిల్లని పెళ్ళి చేసుకుంటావు, నేను పోయాక నీకు ఇద్దరు కొడుకులు పుడతారు, నీ కూతుళ్ళు పాటల బ్యాండు పెట్టి పెద్ద పేరు తెచ్చుకుంటారు అని. మొదటి రెండూ జరిగిపోయాయి. ఇంక మూడోది జరగకుండా ఎలా ఉంటుంది? జాతకం కలిసిందని ఆయన పిల్లల్ని స్కూలు మాన్పించేసి, పోస్టులో వచ్చే చదువు పెట్టించి, గిటార్లూ డ్రమ్సూ కొనిచ్చి, పాఠాలు చెప్పించి, పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం ప్రాక్టీసు, రాత్రి భోజనాలయ్యాక ఆయన ముందు వాయించి చూపించడం, చివర్లో ఒళ్ళు వంచి వ్యాయామం, ఇలా టైంటేబుల్ వేసేశాడు. ఈ నాన్న మనకి కొత్తేం కాదు. మన దగ్గర ర్యాంకు అంటాడు, అక్కడ హిట్ అన్నాడు. పిల్లలకి కావాలా అని అడిగే అలవాటు ఇద్దరికీ లేదు.

మొదటిసారి 1968లో ఎక్సెటర్‌లో ఒక టాలెంట్ షోలో వాయిస్తే జనం గేలి చేసి కూల్‌డ్రింక్ డబ్బాలు విసిరారట. ఇంటికొచ్చాక నాన్న అన్నది ఇంకా ప్రాక్టీసు చెయ్యండి అని. తర్వాత ఫ్రీమాంట్ టౌన్ హాల్లో ప్రతి శనివారం రాత్రీ వీళ్ళదే డ్యాన్స్ షో, ఊళ్ళో కుర్రాళ్ళకి వేరే దిక్కు లేదు కాబట్టి వచ్చేవాళ్ళు, డ్యాన్స్ చేసేవాళ్ళు, వెక్కిరించేవాళ్ళు, మళ్ళీ వచ్చే శనివారం వచ్చేవాళ్ళు. ఈ ముక్క చాలామంది రాసేవాళ్ళు ఒక వాక్యంలో దాటేస్తారు, నాకు మాత్రం దీని మీద చాలా గురి, ఎందుకంటే షాగ్స్‌కి దొరికిన మొట్టమొదటి విమర్శకులు వీళ్ళే, పేపర్లో రాయలేదంతే. ఏళ్ళ తరబడి వారం వారం అదే బ్యాండుకి వచ్చి తిట్టిన కుర్రాడికి ఆ పాటలు ఎంత బాగా వచ్చేసుంటాయో ఆలోచించండి, ఏ పెద్ద మ్యాగజైన్ క్రిటిక్కీ అన్నిసార్లు విని ఉండడు.

1969 మార్చిలో నాన్న వీళ్ళని మసాచుసెట్స్‌లో రివీర్ అనే ఊరికి తీసుకెళ్ళి ఫ్లీట్‌వుడ్ స్టూడియోలో ఒక్క రోజులో రికార్డు చేయించాడు. అక్కడి వాళ్ళు ఈ పిల్లలు ఇంకా రెడీగా లేరండీ అంటే, కాదు, వేడి మీద ఉన్నప్పుడే కానివ్వాలి అన్నాడట. పాట మధ్యలో పిల్లల్లో ఒకరు ఆపేసి, ఇక్కడ తప్పు పోయింది మళ్ళీ మొదట్నుంచి అనేవాళ్ళట, గాజు అద్దం అవతల కూర్చున్న ఇంజనీర్లకి తప్పు ఎక్కడ పోయిందో, తప్పు పోనిది ఎక్కడో తెలీక పడి పడి నవ్వుకున్నారట. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ కావాలి. థర్డ్ వరల్డ్ అనే లేబుల్ పేరు మీద వెయ్యి కాపీలు కొట్టించారు, అందులో తొమ్మిది వందలు చేతికే రాలేదు, డబ్బు తీసుకున్న మనిషి కాపీలతో సహా మాయమైపోయాడని చెప్పుకుంటారు. మిగిలిన వంద ఊళ్ళో వాళ్ళకీ, రేడియో స్టేషన్లకీ. అంతే. 1969లో ఈ రికార్డుకి రివ్యూ అంటూ ఒక్కటి లేదు. తిట్టు కూడా లేదు. 1975లో ఆస్టిన్ గుండెపోటుతో పోయాడు, 47 ఏళ్ళకే, ఆయన పోవడంతో బ్యాండు కూడా ఆగిపోయింది, అమ్మాయిలు గిటార్లు పక్కన పెట్టేసి ఎవరి సంసారం వాళ్ళు చూసుకున్నారు.

ఇప్పుడు ఆ శబ్దం గురించి. చాలామంది రాసేది “శ్రుతి లేదు, లయ లేదు, ముగ్గురూ మూడు పాటలు వాయిస్తున్నారు” అని. నేను ఇది మా పిన్నికి వినిపించా. మా పిన్ని విజయవాడలో చాలా ఏళ్ళు వీణ చెప్పింది, రాక్ అంటే ఆవిడకి పరమ చిరాకు. వాట్సాప్‌లో ‘మై పాల్ ఫుట్ ఫుట్’ పంపించి, ఏమీ చెప్పకుండా విను పిన్నీ అన్నా. అది తప్పిపోయిన పిల్లి గురించిన పాట, ఆ పిల్లి పేరే ఫుట్ ఫుట్. అరగంటకి ఫోన్ వచ్చింది.

“ఒరేయ్, ఇదేంట్రా ఇది, ఎవరి పిల్లలు వీళ్ళు?”

“బాలేదా పిన్నీ?”

“బాగుండటం సంగతి తర్వాత. ఆ పాడే పిల్ల ఉంది చూడు, నోటితో ఏం పాడుతోందో గిటారు మీద అదే వాయిస్తోంది, అక్షరం పొల్లు పోకుండా. మాట సాగితే వేళ్ళు సాగుతున్నాయి, మాట ఆగితే ఆగుతున్నాయి. అది రానివాళ్ళు చేసే పని కాదురా. ఆ డ్రమ్స్ పిల్లే వేరే ఊళ్ళో ఉంది.”

నాకు ఇదే కావాలి. షాగ్స్ మీద నేను చదివిన రాతల్లో సగంలో ఇంత మాట లేదు. మీరూ ఆ పాట పెట్టుకుని ఒకసారి డ్రమ్స్ వదిలేసి డాట్ గొంతూ, డాట్ గిటారూ మాత్రమే పట్టుకుని వినండి. వరసకి కొలత లేదు, నాలుగు లెక్కలు అని మొదలైంది ఐదయిపోతుంది, ఇంకో చోట మూడున్నరలో తెగిపోతుంది, ఎందుకంటే ఆవిడ రాసిన మాట ఎంత పొడుగుంటే వరస అంత పొడుగు. వాక్యం అయిపోయింది కాబట్టి సంగీతం కూడా అయిపోయింది. మామూలుగా పాట రాసేవాళ్ళు కొలతకి సరిపడేలా మాటని కత్తిరిస్తారు, ఈవిడ మాటకి సరిపడేలా కొలతని కత్తిరించింది. గొంతూ లీడ్ గిటారూ జంటగా అదే దారిలో వెళ్తాయి, బెట్టీ పక్కన కార్డ్స్ (గిటారు మీద ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) గీకుతూ వీలైనంత వరకు వెంట పడుతుంది, హెలెన్ మాత్రం తనకి నేర్పిన బీట్ తను కొట్టుకుంటూ పోతుంది, పాట ఎక్కడ మలుపు తిరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. కాబట్టి స్టూడియోలో ఆపేసి తప్పు పోయింది అన్నారంటే నిజంగానే తప్పు పోయి ఉంటుంది. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. గాజు అవతల నవ్విన వాళ్ళకి ఆ లెక్క తెలీలేదు, అంతే సంగతి.

రికార్డుకి పేరిచ్చిన పాట కూడా చెప్పాలి. ఉన్నవాళ్ళకి లేనివాళ్ళ దగ్గర ఉన్నది కావాలి, లేనివాళ్ళకి ఉన్నవాళ్ళది కావాలి, సన్నగా ఉన్నవాళ్ళకి లావుగా ఉన్నవాళ్ళది, పొట్టి జుట్టు వాళ్ళకి పొడుగు జుట్టు, ఇలా చెప్పుకుంటూ పోయి, ఏం చేసినా ఈ లోకంలో ఎవర్నీ మెప్పించలేం అంటుంది. ఇరవై ఏళ్ళ పిల్ల రాసిన పాట. ‘హూ ఆర్ పేరెంట్స్’ అని ఇంకోటుంది, అమ్మానాన్నలంటే నిజంగా మన గురించి పట్టించుకునేవాళ్ళు అని. స్కూలు మాన్పించి గిటారు చేతిలో పెట్టిన నాన్న ఎదురుగా కూర్చుని వింటుంటే రాసిన పాట అది. దాన్ని క్యూట్ అని రాసిన వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, భయంకరం అని రాసిన వాళ్ళు కూడా అంత కరెక్ట్ కాదనుకోండి, ఆ పిల్ల నిజంగానే అలా అనుకుని ఉండొచ్చు కదా.

సరే అసలు సంగతికి వద్దాం. 1970లలో ఆ మిగిలిన కాపీల్లో ఒకటి బోస్టన్‌లో డబ్ల్యూబీసీఎన్ అనే రేడియో స్టేషన్‌కి చేరి అప్పుడప్పుడూ మోగేది. ఫ్రాంక్ జప్పా అని ప్రయోగాలకి పేరుపడ్డ పెద్ద రాక్ సంగీతకారుడు, ఆయన చేతికి కూడా ఒకటి చేరింది, డాక్టర్ డిమెంటో అని వింత పాటలు వేసే రేడియో షో ఒకటుండేది, దాంట్లో ఆయన షాగ్స్ పాటలు వేయించాడు. “బీటిల్స్ కన్నా బెటర్” అన్నది జప్పానే అని ప్రతి చోటా రాస్తారు, రికార్డు అట్టల దగ్గర్నుంచి పేపర్ల దాకా. మరి ఎప్పుడన్నాడు, ఎక్కడన్నాడు అంటే ఎవరూ చూపించరు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాసుకుంటూ పోయారు. ఇది చిన్న విషయం కాదండీ. ఒక బ్యాండు పరువు మొత్తం ఒక పెద్దాయన అన్నాడో లేదో తెలీని మాట మీద నిలబడింది, ఆ మాట తీసేస్తే చాలామందికి షాగ్స్ వినడానికి ధైర్యం చాలదు.

1980లో ఎన్ఆర్‌బీక్యూ అనే బ్యాండు పియానో ఆయన టెర్రీ ఆడమ్స్ ఈ రికార్డు విని పిచ్చెక్కిపోయి, వెతుక్కుంటూ వెళ్ళి విగ్గిన్ అక్కచెల్లెళ్ళని పట్టుకుని, రౌండర్ అనే ఇండిపెండెంట్ లేబుల్ ద్వారా మళ్ళీ రిలీజ్ చేయించాడు. వాళ్ళే ఆశ్చర్యపోయారు, మా రికార్డు మళ్ళీ వేస్తారా, ఎవరు కొంటారు అని. ఆడమ్స్ వీళ్ళ వరసల్ని ఆర్నెట్ కోల్‌మన్ అనే శాక్సోఫోన్ ఆయన ఫ్రీ జాజ్‌తో, అంటే మామూలు కొలతలు పక్కన పెట్టేసి వాయించే జాజ్‌తో పోల్చాడు. కొంచెం ఎక్కువ చేశాడు అనిపిస్తుంది గానీ కనీసం ఆయన మాట్లాడింది వరస గురించి, ఆయన చెవి పెట్టి విన్నాడు, ఆయన్ని ఏమీ అనను. అప్పుడు మొదలైంది రివ్యూల వరద. రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక ఏకంగా ఆ ఏటి కమ్‌బ్యాక్ అని అవార్డిచ్చింది, జోకే అనుకోండి, అసలు ఎప్పుడొచ్చారని కమ్‌బ్యాక్. అదే పత్రికలో మెదడుకి ఆపరేషన్ చేసేసిన ట్రాప్ ఫ్యామిలీ సింగర్స్‌లా ఉన్నారని కూడా రాశారు. ట్రాప్ ఫ్యామిలీ అంటే ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమాలో ఉన్న ఆ కుటుంబం. ఈ వాక్యం రాసినవాళ్ళు బాగా మురిసిపోయి ఉంటారు, నలభై ఏళ్ళుగా అందరూ దాన్నే ఎత్తి రాస్తున్నారు, నేను కూడా రాశాను చూడండి.

మరి 1969లో లేని చెవులు 1980లో ఎక్కడ్నుంచి వచ్చాయి? ఇది నాకు ఇంట్రెస్టింగ్ ప్రశ్న. 1964లో బీటిల్స్ అమెరికా టీవీలో కనబడ్డాక దేశమంతా ఇళ్ళల్లో కార్లు పెట్టుకునే షెడ్లల్లో కుర్రాళ్ళు బ్యాండ్లు పెట్టేశారు, సగం మందికి మూడు కార్డ్స్ కన్నా రావు, ఊళ్ళో ఒక సింగిల్ కొట్టించుకుని, అది లోకల్ రేడియోలో నాలుగు రోజులు మోగి, తర్వాత ఎవడి ఉద్యోగం వాడిది. అప్పట్లో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1972లో లెన్నీ కే అనే ఆయన అలాంటి పాటలు ఏరి ‘నగ్గెట్స్’ అని రెండు రికార్డుల సెట్ వేశాడు, అప్పుడు గానీ ఆహా దీన్ని గరాజ్ రాక్ అంటారు, ఇందులో ప్రాణం ఉంది అని జనం అనలేదు. తర్వాత పంక్ వచ్చి వాయించడం రాకపోతే ఏంటి, స్టేజెక్కు అంది. 1978కి న్యూయార్క్‌లో నో వేవ్ అని ఇంకో గుంపు, వాళ్ళు కావాలనే శ్రుతి తప్పించేవాళ్ళు. అంటే 1980లో షాగ్స్ వచ్చేసరికి కుర్చీలు వేసి రెడీగా ఉన్నాయి. క్రిటిక్కులు పదేళ్ళుగా వాయించడం రాకపోవడమే గొప్ప అని వాదిస్తూ కూర్చున్నారు, సరిగ్గా అప్పుడే న్యూ హాంప్‌షైర్ నుంచి సాక్షి దొరికింది.

లెస్టర్ బ్యాంగ్స్ అనే పేరున్న రాక్ క్రిటిక్ రాసింది చూస్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 1981లో విలేజ్ వాయిస్ అనే న్యూయార్క్ పేపర్లో రాశాడు, హెడ్డింగే “బీటిల్స్ కన్నా బెటర్ (డీఎన్ఏ కన్నా కూడా)” అని. డీఎన్ఏ అంటే ఆ నో వేవ్ బ్యాండుల్లో ఒకటి. బ్యాంగ్స్ మాట ఏంటంటే, వీళ్ళకి వాయించడం ఒక్క ముక్క రాదు, కానీ వైఖరి కరెక్టు, రాక్ అన్ రోల్‌కి మొదట్నుంచీ కావాల్సింది అదొక్కటే అని. మనిషి అద్భుతంగా రాస్తాడు, చదువుతుంటే ఊగిపోతాం, నాకు ఆయనంటే చాలా ఇష్టం కూడా. కానీ ఒక్క నిమిషం ఆగి చూస్తే ఏ వైఖరి? ఎవరి వైఖరి? స్టేజెక్కనని చెప్పే వీలే లేని అమ్మాయిల వైఖరా? డీఎన్ఏ వాళ్ళు శ్రుతి వద్దనుకుని పారేశారు, అది వాళ్ళ తిరుగుబాటు, షాగ్స్ శ్రుతి కావాలనుకుని రోజూ గంటలు గంటలు కూర్చున్నారు, నాన్న చెప్పినట్టు చేశారు, తిరుగుబాటు అన్న మాటే ఆ ఇంట్లో లేదు. బయటికి వినబడే శబ్దం ఒకేలా ఉందని రెంటినీ ఒకే గాట కట్టేశాడు బ్యాంగ్స్. ఆయనకి న్యూయార్క్ ఆర్టిస్టుల మీద ఉన్న కోపం తీర్చుకోవడానికి షాగ్స్ ఒక కర్రలాగా దొరికారు. కర్ర ఏ చెట్టుదో ఎవరు అడుగుతారు.

తర్వాత నిర్వాణా బ్యాండు పాటగాడు కర్ట్ కోబేన్. తన డైరీలో ఇష్టమైన యాభై ఆల్బమ్స్ లిస్టు రాసుకుంటే అందులో ఐదోది ‘ఫిలాసఫీ ఆఫ్ ది వరల్డ్’. ఈ లిస్టు బయటికొచ్చాక నిర్వాణా వినే ప్రతి కుర్రాడూ షాగ్స్ వినడం మొదలుపెట్టాడు, నేనూ అలాగే వచ్చాను, అందులో దాచడానికేం లేదు. ఆ లిస్టులో నాకు నచ్చేది ఏంటంటే దాంట్లో వివరణ లేదు. ఆల్బమ్ పేరు, అంతే. ఎంత హాయిగా ఉందో.

ఇప్పుడు నా అసలు కంప్లైంటు. మొదటి రికార్డు తర్వాత షాగ్స్ ఆగిపోలేదు, ఇంకొన్నేళ్ళు వారం వారం టౌన్ హాల్లో వాయిస్తూనే ఉన్నారు, 1975 దాకా మధ్యమధ్యలో రికార్డింగులు కూడా చేశారు. అవన్నీ ఏరి 1982లో ‘షాగ్స్ ఓన్ థింగ్’ అని ఇంకో ఆల్బమ్ వేశారు. మొదటిదాని మీద ఇంత రాసిన వాళ్ళు దీని మీద ఎంత రాశారో వెతకండి, దొరికేది చాలా తక్కువ, దొరికినా “ఇందులో కొంచెం వాయించడం వచ్చేసింది, ఆ మ్యాజిక్ లేదు” అన్న ధోరణే. చూశారా? ఇక్కడ దొరికిపోయారు. ఆ పిల్లలు ఏ పని కోసమైతే బాల్యం మొత్తం పోగొట్టుకున్నారో ఆ పని చివరికి నేర్చుకుంటే, ఛ, పాడైపోయారు అన్నారు.

అదే ‘ఫుట్ ఫుట్’ పాట ఈ రెండో ఆల్బమ్‌లో కూడా ఉంది, కొత్తగా వాయించింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటిదాంట్లో ఎక్కడో వేరే ఊళ్ళో ఉన్న హెలెన్ ఇందులో ఇంటికొచ్చేసింది. పాట ఎక్కడ ఆగుతుందో ఆవిడకి తెలుసు, ఎక్కడ మళ్ళీ ఎత్తుకోవాలో తెలుసు. డాట్ వరస మాత్రం వరసే, ఆ వంకరలు కొన్ని అలాగే ఉన్నాయి, అంటే అవి తప్పులు కావు, ఆవిడకి అవి అలాగే కావాలి. దీనికన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలండీ. ఒక సంగీతం గురించి రాసేవాడికి ఇది బంగారు గని, ఏది తెలీక జరిగింది, ఏది తెలిసి జరిగింది అని విడదీసి చూపించడానికి చేతికి రెండు రికార్డింగులు దొరికాయి. ఎవరికీ పట్టలేదు. కార్పెంటర్స్ అనే పేరున్న పాప్ బ్యాండు పాడిన ‘యెస్టర్‌డే వన్స్ మోర్’ కూడా వాయించారు ఇందులో, మామూలుగా, కొంచెం బిడియంగా, ఏ ఊళ్ళో ఏ ఫంక్షన్లో అయినా వినబడేలాగా. అది వింటుంటే నాకు మొదటిసారి వీళ్ళు మనుషుల్లా అనిపించారు, అంతకుముందు ఎవరో రాసిన కథలో పాత్రల్లా ఉండేవాళ్ళు.

మా పిన్నికి ఈ రెండోది కూడా పంపించా. “ఇప్పుడు కుదిరింది, ఇంకొక్క ఏడాది చెప్పించి ఉంటే బ్రహ్మాండంగా ఉండేవాళ్ళు, ఎవరు చెప్పారో గానీ తాళం ముందు చెప్పకుండా చేతికిచ్చేశారు” అంది. టీచర్లు ఇంతే, వాళ్ళకి ప్రతి పిల్లా ఇంకొక్క ఏడాది దూరంలోనే ఉంటుంది. కానీ నేను చదివిన క్రిటిక్కుల్లో ఒక్కళ్ళు కూడా ఈ అమ్మాయిలు ఇంకొంచెం నేర్చుకుంటే ఎలా ఉండేది అని అడగలేదు. నేర్చుకుంటే వాళ్ళ కథ చెడిపోతుంది కదా.

1999లో రెండు సంగతులు జరిగాయి. ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీ ఆ మొదటి రికార్డుని మళ్ళీ సీడీగా వేసింది, అదే ఏడు సూజన్ ఆర్లీన్ అనే రచయిత్రి న్యూయార్కర్ పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. ఈవిడ సంగీతం క్రిటిక్ కాదు, అదే మంచిదయ్యింది. ఫ్రీమాంట్ వెళ్ళి, ఇళ్ళు వెతుక్కుని, అక్కచెల్లెళ్ళ దగ్గర కూర్చుని రాసింది. డాట్ అప్పటికి ఇళ్ళు క్లీన్ చేసే పని చేస్తోంది. వాళ్ళని కూర్చోబెట్టి అడిగితే ఆ రికార్డు గొప్పదని వాళ్ళు అనలేదు, మేమింకా రెడీగా లేము, నాన్న ఆగలేదు అన్నట్టే మాట్లాడారు. అంటే ముప్పై ఏళ్ళు వైఖరి అనీ, స్వచ్ఛత అనీ, అమాయకత్వం అనీ రాసిన వాటన్నిటికీ వాయించినవాళ్ళ దగ్గర్నుంచి జవాబు ఏంటంటే, ఇంకొంచెం టైమ్ కావాల్సింది. ఆ తర్వాత రాతల టోనే మారిపోయింది, నవ్వు తగ్గిపోయి జాలి ఎక్కువైంది, షాగ్స్ అంటే నాన్న చేతిలో నలిగిపోయిన పిల్లలు, అంతే. ఇర్విన్ చుసిద్ 2000లో వేసిన పుస్తకంతో అవుట్‌సైడర్ మ్యూజిక్, అంటే సంగీత లోకానికి బయట ఉండి తమకి తోచినట్టు చేసుకున్నవాళ్ళ సంగీతం, అనే షెల్ఫు ఒకటి తయారై వీళ్ళని అందులో పెట్టేశారు, ఆ షెల్ఫులో ఒకసారి పెట్టాక ఇంక పాట ఎవరూ వినక్కర్లేదు, పక్కన ఉన్న బయోగ్రఫీ చదివితే చాలు. జాలి పడినా, నవ్వినా, పాట వినడం మాత్రం రెండింటిలోనూ లేదు. నిజం చెప్పాలంటే నవ్విన ఇంజనీర్లు కనీసం విన్నారు.

వాళ్ళ కథ మీద ఒక మ్యూజికల్, అంటే పాటల నాటకం, కూడా వచ్చింది, 2011లో న్యూయార్క్‌లో ఆఫ్ బ్రాడ్‌వేలో, అంటే అక్కడి చిన్న థియేటర్లలో, వేశారు. హెలెన్ 2006లోనే పోయింది, ఆవిడ చూడలేదు. డాట్ 2013లో డాట్ విగ్గిన్ బ్యాండ్ అని వేరేవాళ్ళతో కలిసి ఆల్బమ్ చేసింది. 2017లో మసాచుసెట్స్‌లో విల్కో బ్యాండు నడిపే సాలిడ్ సౌండ్ ఫెస్టివల్లో డాట్, బెట్టీ ఇద్దరూ స్టేజెక్కారు, వెనకాల వాయించింది బాగా చెయ్యి తిరిగిన ఈ తరం వాళ్ళు. వాళ్ళు ఆ పాత పాటల్ని అచ్చం రికార్డులో ఉన్నట్టే వాయించాలి. ఊరికే పిచ్చిగా వాయిస్తే షాగ్స్ అవుతుందనుకుంటే పొరపాటు, వినేవాడు వెంటనే పట్టేస్తాడు ఇది కాదని. కూర్చుని స్వరం స్వరం వెతుక్కుని నేర్చుకోవాల్సిందే, ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగాలో, హెలెన్ ఎక్కడ ఎంత పక్కకి జరిగిందో అన్నీ. అందుకే షాగ్స్ మీద నేను లెక్కలోకి తీసుకునే విమర్శ ఏదైనా ఉందంటే అది ఆ స్టేజి మీద వాయించినవాళ్ళదే. ఒక్క విశేషణం వాడలేదు.

ఇంత తిట్టాను కాబట్టి నా రివ్యూ కూడా ఇచ్చేస్తా, న్యాయం కదా. మొదటి ఆల్బమ్‌లో పాటలన్నీ సమానం కాదు. ‘ఫిలాసఫీ ఆఫ్ ది వరల్డ్’ టైటిల్ పాట నాకు నిజంగానే మంచి పాట, వాయిద్యాలు తీసేసి ఉత్తి గొంతుతో పాడుకున్నా నిలబడుతుంది, నేను అంట్లు తోముతూ పాడుకుంటా, ఇంట్లో గొడవ. ‘ఫుట్ ఫుట్’ కూడా అంతే. ‘హూ ఆర్ పేరెంట్స్’ వినడం కష్టం, పాట వల్ల కాదు. ‘దట్ లిటిల్ స్పోర్ట్స్ కార్’ ఒక్కదాంట్లో రేచల్ బేస్ ఉంది, ఆ ఒక్క బేస్ రావడంతో మొత్తం బ్యాండు నేలమీద నిలబడుతుంది, ఈ అమ్మాయిని అన్ని పాటల్లో పెట్టి ఉంటే ఈ పోస్టు రాసే అవసరమే ఉండేది కాదేమో. ‘ఇట్స్ హాలోవీన్’ సరదా పాట, దాన్ని ఫిలాసఫీ కింద చూడకండి. మిగతావి చాలావరకు ఒకేలా ఉంటాయి, రెండో సైడుకి నాకు విసుగొస్తుంది, అది చెప్పడం తప్పేం కాదు, బీటిల్స్ ఆల్బమ్స్‌లో కూడా నేను దాటేసే పాటలు ఉన్నాయి. ‘ఓన్ థింగ్’ మొత్తం మీద తక్కువ విచిత్రం, ఎక్కువ సంగీతం. గొప్ప ఆల్బమ్ అని అబద్ధం చెప్పను. కానీ షాగ్స్ గురించి ఏదైనా రాద్దామనుకునేవాళ్ళు ముందు అది వినండి, విన్నట్టు ఒక్క వాక్యమైనా రాయండి, లేదంటే మీరు రాసేది ఆస్టిన్ విగ్గిన్ గురించి, జప్పా గురించి, కోబేన్ గురించి.

కామెంట్లలో ఎవరైనా ఇది మన ఫలానా వైరల్ సింగర్ లాగే ఉంది అని పేరు పెడితే డిలీట్ చేస్తా, ముందే చెప్తున్నా. రెండు ‘ఫుట్ ఫుట్’లూ వరసగా విని, ఏది నచ్చిందో, హెలెన్ రెండోదాంట్లో ఎక్కడ కుదురుకుందో మీకు వినబడితే మాత్రం రాయండి, మా పిన్నికి చూపిస్తా, ఆవిడ మొదటి వరస తర్వాతే అంటోంది, నాకైతే అంత త్వరగా అనిపించట్లేదు.